ఆఫీసుకి మందు పొగ కొట్టించాలా? వైరస్‌లు అంటకుండా ఇల్లూ ఆఫీసూ ఎలా తుడిపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. కాకినాడలో తొమ్మిది మందితో పన్నుల కన్సల్టెన్సీ నడుపుతున్నారు. పది రోజుల్లో ముగ్గురు ఫ్లూతో మంచం పట్టారు. ఇంట్లో షుగరున్న అమ్మగారు, మూడేళ్ల పాప ఉన్నారు. ఆ పాప ప్లేస్కూలు నుంచి వాంతులు అంటించుకొచ్చింది. ఈలోగా ఎవరో వచ్చి "ఆఫీసంతా మందు పొగ కొడతాం, మూడు నెలలు గ్యారంటీ" అన్నారు. కొట్టించాలా వద్దా, వద్దంటే రోజూ దేనితో తుడిపించాలి, ఎన్నిసార్లు అని అడిగారు.

కొట్టించకండి. మూడు నెలల గ్యారంటీ అన్న మాటలోనే తిరకాసు ఉంది. వైరస్ చెదపురుగు కాదు, గోడల్లో కాపురం పెట్టదు. అది మనుషులతో వస్తుంది, మనుషులతో పోతుంది. ఇవాళ రాత్రి పొగ కొట్టించి రేపు పొద్దున్నే తాళం తీస్తే, మొదట తుమ్మినవాడితోనే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మీరు చేయాల్సింది, వరస ప్రకారం: జ్వరమొచ్చినవాళ్లని ఇంటికి పంపడం, గదిలోకి బయటి గాలి రానివ్వడం, చేతులు సబ్బుతో కడిగించడం. తుడవడం నాలుగోది. అదీ గది మొత్తం కాదు, చేతులు పడే ఇరవై ముప్పై చోట్లు. పాప వాంతుల సంగతి మాత్రం వేరు, అక్కడ తుడవడమే అసలు పని. దాని గురించి కింద విడిగా రాస్తాను.

నేను గుంటూరులో వార్డు నర్సుగా మొదలుపెట్టి, పదహారేళ్లుగా ఆస్పత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ పనే చూస్తున్నాను. హౌస్‌కీపింగ్ వాళ్లకి తుడవడం నేర్పడం నా ఉద్యోగంలో సగం. "తుడవడం కూడా నేర్పాలా" అని మా ఆయన నవ్వుతూ ఉంటారు. నేర్పాలండీ.

ముందు పొగ సంగతి తేల్చేద్దాం. మున్సిపాలిటీ బండి వీధిలో కొట్టే పొగ దోమలకి. దానికీ జలుబు, ఫ్లూ వైరస్‌లకీ సంబంధం లేదు. గదుల్లో కొట్టేది వేరే మందు, కానీ అది కూడా టేబుల్ అడుగుకి, తలుపు పిడి వెనక్కి సరిగా చేరదు. చేరినా, జిడ్డు, మురికి ఉన్నచోట పనిచేయదు. కొవిడ్ రోజుల్లో ఆఫీసుల ముందు, కూరగాయల మార్కెట్ల ముందు సొరంగాలు కట్టి మనుషుల మీద మందు చల్లడం మీకు గుర్తుండే ఉంటుంది. మనుషుల మీద అలా చల్లొద్దని 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ సొరంగాలను ఆపే చర్యలు తీసుకోమని కేంద్రాన్ని ఆదేశించింది. రోడ్డు పక్కన ముగ్గు వేసినట్టు పొడి బ్లీచింగ్ చల్లుకుంటూ పోవడం కూడా అదే బాపతు. చూడ్డానికి పని జరిగినట్టుంటుంది, అంతే.

ఈ చాదస్తానికి నేనూ అతీతురాలిని కాదు. 2020 వేసవిలో పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగాను. వంకాయలు ఉప్పునీళ్లలో నానబెట్టాను. పేపరు ఎండలో పడేసి సాయంత్రం చదివాను. ఆ మార్చిలో వచ్చిన ఒక పరిశోధనలో ఆ వైరస్ ప్లాస్టిక్ మీద, స్టీలు మీద మూడు రోజుల దాకా, అట్టపెట్టె మీద ఒక రోజు దాకా దొరికింది. అది చదివి అందరం బెదిరిపోయాం. ప్రయోగశాలలో దొరకడం వేరు, దాన్నుంచి మనిషికి అంటడం వేరు అని తరవాత తెలిసొచ్చింది. 2021 ఏప్రిల్‌కి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే, వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే కొవిడ్ అంటుకునే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువ అని రాసింది.

అలాగని తుడవక్కర్లేదని కాదు. ఏ వైరస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు ఒకే ప్రశ్నలో రెండు వేర్వేరు జాతుల గురించి అడిగారు. అందుకే ఈ జవాబు ఇంత పొడవు.

ఫ్లూ, కొవిడ్ వైరస్‌లకి పైన కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర సబ్బుకే చెదిరిపోతుంది, 70 శాతం ఆల్కహాల్‌కీ పోతుంది. ఇవి ఎక్కువగా గాలిలో, తుంపర్లతో వస్తాయి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి, పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏకి, కండ్లకలక తెచ్చే అడినోవైరస్‌కి ఆ పొర లేదు. పొర లేనివే మొండివి. నోరోవైరస్ మీద చేతి శానిటైజర్ పెద్దగా పనిచేయదు. మన ఇళ్లలో వాడే తెల్ల ఫినాయిల్ వాసన బాగానే ఉంటుంది గానీ ఈ మొండి రకాల మీద దాన్ని నమ్ముకోలేం. వీటికి సబ్బుతో కడుక్కోవడం, ఆపైన క్లోరిన్. అంటే బ్లీచ్.

2023 జులై, ఆగస్టుల్లో మన రెండు రాష్ట్రాల్లో కండ్లకలక ఊపేసింది కదా. అప్పుడు నేను చూసే ఒక నర్సింగ్ హాస్టల్లో వారంలో ఒక అంతస్తు అంతస్తంతా ఎర్రకళ్లే. వార్డెన్ రోజూ రెండుపూటలా గచ్చు ఫినాయిల్‌తో కడిగిస్తోంది. గచ్చుని కంటికి ఎవరు ఆనిస్తారు చెప్పండి? వెళ్లి చూస్తే వాష్‌బేసిన్ పక్కన మేకుకి ఒకే టవలు. పద్నాలుగు మందికి ఒకటి, మధ్యాహ్నానికి తడిసి ముద్దయింది. అది తీయించాం. ఎవరి టవలు, ఎవరి దిండు, ఎవరి కాటుక వాళ్లకే అన్నాం. తలుపు గొళ్లాలు, కుళాయి తలలు బ్లీచ్ నీళ్లతో తుడిపించాం. తరవాతి వారానికి కొత్త కేసులు బాగా తగ్గాయి. మీ ఆఫీసు వాష్‌బేసిన్ దగ్గర కూడా అలాంటి టవలు ఒకటి ఉండే ఉంటుంది. ఇవాళే తీసేయండి. కాగితం నేప్కిన్లు పెట్టండి, లేదా ఎవరి చేతిరుమాలు వాళ్లు తెచ్చుకోమనండి.

ఇక ఎలా తుడవాలి. నేను చూసిన తప్పుల్లో చాలా మట్టుకు మూడే.

మొదటిది, మురికి మీదే మందు కొట్టడం. క్లోరిన్‌కి వైరస్‌కీ మట్టికీ తేడా తెలియదు. ముందు దేన్ని తాకితే దాని మీదే ఖర్చయిపోతుంది. సబ్బునీళ్ల గుడ్డతో మురికి వదలగొట్టి, ఆ తరవాతే మందు.

రెండోది, పాళ్లు. "ఘాటుగా ఉంటేనే చస్తాయి మేడమ్" అని సీసా వంచేస్తారు. మామూలుగా చేతులు పడే చోట్లకి 0.1 శాతం క్లోరిన్ చాలు. సీసా వెనక సోడియం హైపోక్లోరైట్ 5 శాతం అని ఉంటే, లీటరు నీళ్లలో 20 మిల్లీలీటర్లు కలపాలి. అంటే నాలుగు టీస్పూన్లు. వాంతి, విరేచనం, నెత్తురు పడ్డచోటికి 0.5 శాతం కావాలి. అదే సీసాలోంచి 100 మిల్లీలీటర్లకి 900 నీళ్లు. బ్లీచింగ్ పౌడరైతే, కొత్త డబ్బాలో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. లీటరుకి మూడు నాలుగు గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూను, 0.1 శాతానికి సరిపోతుంది. కలిపి కాసేపు పక్కన పెట్టి, పైన తేరుకున్న నీళ్లే వంపుకోవాలి, లేకపోతే టేబుళ్ల మీద తెల్లగా సున్నం మిగులుతుంది. చల్లటి నీళ్లే వాడాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, మిగిలితే పారబోయాలి. మూత తీసి వదిలేసిన బ్లీచింగ్ డబ్బా మన తేమకి రెండు నెలల్లో సుద్దపిండితో సమానం. మీది సముద్రం పక్క ఊరు, ఇంకా త్వరగా పోతుంది.

మూడోది, నేను ఎన్నిసార్లు చెప్పినా వదలనిది: తడి నిలవకుండానే తుడిచేయడం. మందు రాయగానే పొడిగుడ్డతో మెరుపు తెస్తారు. మందు పనిచేసేది తడిగా ఉన్నంత సేపే. బ్లీచ్ నీళ్లతో తుడిచాక పది నిమిషాలు ఆ ఉపరితలం తడిగా ఉండాలి. ఫ్యాను కింద మూడో నిమిషానికే ఆరిపోతే మళ్లీ తుడవాలి, లేదా ఫ్యాను కాసేపు ఆపుకోవాలి. తరవాత స్టీలు, ఇనుము ఉన్నచోట మంచినీళ్ల గుడ్డతో ఒకసారి తుడిచేయండి, లేకపోతే తుప్పు పడుతుంది. ఆల్కహాల్ అయితే అర నిమిషమైనా తడి కనపడాలి. అది 70 శాతమే ఎందుకంటే, మిగతా నీళ్లు ఉంటేనే అది వైరస్ పైపొరలోకి, మాంసకృత్తుల్లోకి దిగి పనిచేస్తుంది. 99 శాతం తెచ్చి వాడితే తొందరగా ఆవిరైపోతుంది, పనీ తక్కువే.

మా దగ్గర కొత్తవాళ్లకి ఒక పరీక్ష పెడతాం. మామూలు వెలుతురులో కనపడని, అతినీలలోహిత టార్చి వేస్తే మాత్రమే మెరిసే జెల్ ఒకటి ఉంటుంది. ముందురోజు గదిలో పదిహేను చోట్ల చుక్కలు పెడతాం. మర్నాడు వాళ్లు తుడిచాక లైట్లు ఆర్పి టార్చి వేస్తాం. గచ్చు అద్దంలా ఉంటుంది, కిటికీ గ్లాసు తళతళలాడుతుంది. మంచం కడ్డీ అడుగున చుక్క అలాగే మెరుస్తుంటుంది. నర్సుని పిలిచే బెల్లు మీద, స్విచ్చి అంచున, బాత్రూమ్ తలుపు లోపలి గొళ్లెం మీద, ఫ్లష్ మీట మీద, ఎక్కడ పెట్టినవి అక్కడే. కళ్లు గచ్చుని చూస్తాయి, చేతులు గొళ్లేన్ని పట్టుకుంటాయి. అందుకే మీ ఆఫీసులో ఒక పని చేయండి. రేపు పొద్దున అరగంట ఒక మూల కూర్చుని, ఎవరి చేయి ఎక్కడ పడుతోందో కాగితం మీద రాయండి. మంచినీళ్ల క్యాన్ కుళాయి, టీ ఫ్లాస్కు మూత, ప్రింటర్ బటన్, ఏసీ రిమోట్, మెట్ల కడ్డీ, స్టేప్లర్. ఆ కాగితమే మీ తుడిచే జాబితా. ఫ్లూ తిరుగుతున్న రోజుల్లో దాన్ని రోజుకి రెండుసార్లు, మామూలు రోజుల్లో ఒకసారి. గచ్చు ఎప్పటిలాగే తడిగుడ్డ పెట్టించండి, చాలు. చీపురుతో దుమ్ము లేపొద్దు.

వేలిముద్ర యంత్రం మీద బ్లీచ్ పోయకండి, పాడవుతుంది. వేలు పెట్టి వచ్చాక చేతికి శానిటైజర్ రాసుకుంటే సరిపోతుంది. కీబోర్డులు, ఫోన్లు ఆపేసి, 70 శాతం ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి, నేరుగా చల్లకండి. కాగితాలు, ఫైళ్లు తుడవక్కర్లేదు. ఫ్లూ వైరస్ స్టీలు, ప్లాస్టిక్ మీద ఒకటి రెండు రోజులుంటుంది గానీ కాగితం మీద, గుడ్డ మీద సగం రోజుకే నీరసిస్తుంది. మీ వృత్తిలో అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది: ఫైలు తిప్పడానికి, నోట్లు లెక్కపెట్టడానికి వేలు నాలిక్కి అద్దుకోవడం. రూపాయల్లో దొరికే తడి స్పాంజి డబ్బా ఒకటి ప్రతి టేబుల్ మీదా పెట్టండి. మీ పొగ కాంట్రాక్టుకంటే ఎక్కువ పనిచేస్తుంది.

గాలి సంగతి కొంచెం వినండి. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మన మీదకే వదులుతుంది. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో కిటికీల్లేని ఒక హోటల్లో, ఏసీ గాలి వరసలో పక్కపక్క టేబుళ్ల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కొవిడ్ వచ్చింది. ఆ టేబుళ్లు ఎంత తుడిచినా అది ఆగేది కాదు. ఏసీ వేసుకోండి, కానీ గంటకోసారి పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తీయండి. ఒకవైపే కిటికీ ఉంటే దాని దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్లకి జీతం కోయకుండా సెలవివ్వండి. ఫ్లూ లక్షణాలు కనపడక ముందురోజు నుంచి, కనపడ్డాక ఐదారు రోజుల దాకా అంటుకుంటుంది. రిటర్నుల గడువు దగ్గర పడ్డప్పుడు "మాత్ర వేసుకుని వచ్చెయ్" అనే మీలాంటి యజమానులే, క్షమించండి, మిగతా ఎనిమిది మందికీ అంటిస్తారు.

ఇప్పుడు పాప వాంతులు. ఇది నోరోవైరసో కాదో పరీక్ష చేస్తే గానీ చెప్పలేం. కానీ ప్లేస్కూలు నుంచి వచ్చిన వాంతులంటే అదే అనుకుని జాగ్రత్తపడటం మంచిది. కొద్దిపాటి కణాలు నోట్లోకి పోయినా చాలు, అంటుకుంటుంది. మా చెల్లెలి ఇంట్లో సంక్రాంతికి ఒక పిల్లాడు హాల్లో కక్కాడు. అత్తగారు చీరకొంగుతో వాడి మూతి తుడిచి, గచ్చు మాపుతో ఒకసారి లాగి, అదే చేత్తో అరిసెలు పంచారు. కనుమ నాటికి ఇంట్లో ఏడుగురు బాత్రూమ్ ముందు క్యూ. పండగకి వచ్చిన నేను నర్సుగా మారాను.

వాంతి అయితే ఇలా చేయండి. పాపని, అమ్మగారిని వేరే గదిలోకి పంపి కిటికీలు తీయండి, ఫ్యాను ఆపండి. చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు. పాత పేపర్లు పరిచి, అంచు నుంచి మధ్యకి తోస్తూ ఎత్తి, సంచీలో ముడి వేయండి. ఆ చోటు సబ్బునీళ్లతో కడగండి. తరవాత 0.5 శాతం బ్లీచ్ నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. తుంపర్లు దూరం పోతాయి కాబట్టి చుట్టూ రెండు మీటర్ల దాకా, సోఫా కాళ్లతో సహా తుడవండి. దుప్పట్లు దులపకండి, అలాగే మడిచి వేడినీళ్లలో సబ్బుపొడితో ఉతికి ఎండలో వేయండి. చివర్లో చేతులు సబ్బుతో, పారే నీళ్ల కింద, ఇరవై సెకన్లు. ఇక్కడ శానిటైజర్ లెక్కలోకి రాదు. వాంతులు ఆగాక కూడా రెండు రోజులు పాపని స్కూలుకి పంపకండి. వంట చేసేవాళ్లకి వస్తే వాళ్లు కూడా రెండు రోజులు పొయ్యి దగ్గరికి రాకూడదు. వైరస్ మలంలో ఇంకా చాలా రోజులు పోతుంటుంది. అందుకని డైపరు మార్చిన ప్రతిసారీ, బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ సబ్బు తప్పదు.

మీరు మధ్యలో ఒక మాట రాశారు, బాత్రూమ్‌లో ఫినాయిలూ, ఆసిడూ, బ్లీచింగూ కలిపి కొడతామని. ఇది ఈ క్షణం నుంచి మానేయండి. టాయిలెట్ క్లీనర్‌లో ఆసిడ్ ఉంటుంది. అది బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువు అదే. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా విషవాయువే. నేను అప్పట్లో పనిచేసిన చోట ఒక కుర్రాడు కిటికీ లేని బాత్రూమ్‌లో ఆసిడూ బ్లీచూ ఒకే బక్కెట్లో పోశాడు. తలుపు తీసేసరికి గోడకి ఆనుకుని, కళ్లు కారుతూ, ఊపిరందక ఎగశ్వాసతో ఉన్నాడు. మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంచాల్సి వచ్చింది. వాడు కొత్తవాడు, కలపకూడదని వాడికి చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. ఇప్పుడు నా మొదటి పాఠం అదే. ఒకరోజు ఆసిడ్, నీళ్లతో బాగా కడిగాక ఇంకో రోజు బ్లీచ్. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి రబ్బరు గ్లవ్స్ కొనివ్వండి, ఆయాసం ఉన్నవాళ్ల చేత బ్లీచ్ పని చేయించకండి. బ్లీచ్ నీళ్లు తాగునీళ్ల సీసాలో పోసి పెట్టకండి, మూడేళ్ల పిల్ల ఉన్న ఇల్లు.

అమ్మగారి విషయం. ఇంట్లో ఫ్లూ వచ్చినవాళ్లు వేరే గదిలో, కిటికీ తీసుకుని పడుకోవాలి. అన్నం పెట్టేవాళ్లు ఎన్95 మాస్కు వేసుకోవాలి. గిన్నెలు మామూలు అంట్ల సబ్బుతో తోమితే చాలు, విడిగా దాచక్కర్లేదు. షుగరున్న పెద్దవాళ్లకి ఏటా ఫ్లూ టీకా వేయిస్తారు, మీ డాక్టరుగారిని అడగండి. సాంబ్రాణి, కర్పూరం వేసుకుంటే వేసుకోండి. వాసనకి తప్ప వైరస్‌కి కాదు, పైగా పొగ ఆయాసం ఉన్నవాళ్లకి మంచిది కాదు. బయటినుంచి రాగానే "కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి రా" అని అమ్మగారు అంటుంటారని రాశారు. ఆ మాట మటుకు మీ ఆఫీసు గుమ్మానికి కూడా తగిలించండి. 1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు బాలింతల చావులు తగ్గించింది గోడలు కడిగి కాదు, డాక్టర్ల చేతులు కడిగించి. వాడింది కూడా మన బ్లీచింగ్ పౌడరు లాంటి క్లోరిన్ సున్నమే.

ఆన్‌లైన్‌లో అమ్మే అతినీలలోహిత దీపాలు ఇంట్లో వద్దు, కళ్లకీ చర్మానికీ హాని. డెంగీ కూడా వైరసే కదా అని మీ మేనేజరు అడిగారన్నారు. నిజమే, కానీ దానికి తలుపు పిడి తుడిస్తే లాభం లేదు. కూలరు నీళ్లు, ఫ్రిజ్ వెనక పళ్లెం, పూలకుండీ కింద మూకుడు వారానికోసారి పారబోయాలి.

మీ దగ్గరున్న సీసా వెనక హైపోక్లోరైట్ ఎంత శాతమని ఉందో, తయారీ నెల ఏదో ఇక్కడ రాయండి. 5 కాకుండా 4 అనో 10 అనో ఉంటే కొలత మారుతుంది, లెక్క కట్టి చెప్తాను.